రిజిస్టరు రాసే పనితోనే మైక్రోకంట్రోలర్ నేర్చుకోవచ్చు

ప్రశ్న: నేను చర్లపల్లిలో 12 వోల్టుల అడాప్టర్లు, వోల్టేజీ స్టెబిలైజర్లు తయారుచేసే ఒక చిన్న సంస్థలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. నా వయసు 36. డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదివాను. అప్పట్లో 8051 అనే మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న కంప్యూటరు చిప్) పాఠం చదివి పరీక్ష రాశానే గానీ చేతితో ఏమీ చేయలేదు. ఏజింగ్ బల్ల మీద ఎనిమిది అడాప్టర్లను ఎనిమిది గంటలు లోడు మీద ఉంచి, అరగంటకోసారి వాటి వోల్టేజీ, వేడి చూసి రిజిస్టరులో రాయడం నా పని. స్టెబిలైజర్ బోర్డులను డిమ్మర్‌స్టాట్‌తో (ఏసీ వోల్టేజీని తిప్పి పెంచే, తగ్గించే పరికరం) పరీక్షించేదీ నేనే. ఈ రెండు పనులనూ మైక్రోకంట్రోలర్‌తో చేయించాలని నా కోరిక. ఆర్డుయినో ఊనో బోర్డు కొన్నాను. వీడియోలు చూసి ఎల్‌ఇడి వెలిగించాను, ఎల్‌సిడి మీద పేరు రాయించాను. సొంతంగా ఏదైనా చేయబోతే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. తోటివారిలో ఒకరు ఎస్‌టిఎం32 చిప్ నేర్చుకోమంటారు, ఒకరు ఈఎస్‌పి32 చిప్ అంటారు, ఇంకొకరు పైథాన్ భాష చాలంటారు. చిప్ వివరాలుండే డేటాషీటు చూస్తే ఇంగ్లీషులో వందల పేజీలుంది. అమీర్‌పేటలో 45,000 రూపాయల కోర్సు ఒకటి ఉంది, చేరమంటారా?

సమాధానం: మొదటి ప్రాజెక్టుగా ఏజింగ్ బల్లను తీసుకోండి. డిమ్మర్‌స్టాట్ పరీక్షను ఇప్పట్లో ముట్టుకోకండి. మీ రెండు పనులూ పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ, నేర్చుకునేవారికి వాటి మధ్య చాలా తేడా ఉంది. ఏజింగ్ బల్ల మీద మైక్రోకంట్రోలర్ చేయవలసింది చూడడం, రాయడం మాత్రమే. అది దేన్నీ ఆన్ చేయదు, దేన్నీ ఆపదు. మీ ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయినా పోయేది కొన్ని రీడింగులే, వాటికి మీ రిజిస్టరు ఎలాగూ ఉంది. పైగా మీరు కొలిచేది 12 వోల్టుల డీసీ. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అక్కడ సరైన జవాబు ఎలా ఉంటుందో మీకు ముందే తెలుసు. ఏ మోడలు ఎంత వేడెక్కుతుందో, లోడు పెరిగితే వోల్టేజీ ఎంత జారుతుందో ఏళ్ల తరబడి చేత్తో రాసినవారు మీరు, కాబట్టి తెర మీద తప్పుడు అంకె కనబడగానే గుర్తుపట్టగలరు. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామందికి ఈ సౌకర్యం ఉండదు. వారు ఎప్పుడూ చూడని సెన్సారుతో ఎప్పుడూ కొలవని విషయాన్ని కొలుస్తారు, వచ్చిన అంకె తప్పో ఒప్పో తేల్చుకోలేక ఆగిపోతారు.

బోర్డు సంగతి త్వరగా ముగిద్దాం. మీ దగ్గరున్న ఊనో ఈ పనికి చాలు. దాని మీద ఉన్న ఏటిమెగా328పి చిప్ 16 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 8 బిట్ల చిప్. దాని ఫ్లాష్ 32 కిలోబైట్లు, ర్యామ్ 2 కిలోబైట్లు. ఈనాటి లెక్కలో ఇవి చాలా తక్కువ, కానీ నిమిషానికోసారి ఎనిమిది అడాప్టర్లను చూడడానికి ఇందులో సగం కూడా పట్టదు. ఇది 5 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి బల్ల మీద జరిగే చిన్న పొరపాట్లను 3.3 వోల్టుల చిప్‌ల కన్నా బాగా తట్టుకుంటుంది. చిప్ సాకెట్లో ఉండే రకం బోర్డు అయితే, కాలిపోయినా చిప్ ఒక్కటే మార్చుకోవచ్చు. ఈఎస్‌పి32 మంచి చిప్పే, వైఫై కావలసిన రోజున దాని దగ్గరకు వెళ్లండి. అయితే దాని అనలాగ్ ఇన్‌పుట్లు (వోల్టేజీని కొలిచే పిన్నులు) కొలతలో సరళరేఖలో ఉండవని, వైఫై నడుస్తున్నప్పుడు వాటిలో ఒక సమూహం పనిచేయదని ముందే తెలిసి ఉండాలి. కొలతే మొదటి పాఠమైన మీకు అది మొదటి బోర్డు కాకూడదు. ఎస్‌టిఎం32 నిజంగా పరిశ్రమలో నిలబడే కుటుంబం. కానీ దాని క్లాకులను అమర్చుకోవడమే ఒక పెద్ద అధ్యాయం, అది రెండో ఏటికి ఉంచండి. డిప్లొమాలో చదివిన 8051 వృథా అయిందనుకోకండి. పోర్టు, టైమరు, ఇంటరప్టు, చిప్ లోపలి రిజిస్టరు అన్న భావనలు 1980లో ఇంటెల్ ఆ చిప్‌ను తెచ్చిననాటి నుంచి నేటి చిప్‌ల వరకు పేర్లు మార్చుకుని కొనసాగుతూనే ఉన్నాయి.

వీడియోలో చూసింది పనిచేసి, సొంత పని కదలకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, వయసూ కాదు. వీడియోలో నిర్ణయాలన్నీ ఎదుటివారు ముందే తీసుకుని ఉంటారు. ఏ పిన్ను, ఏ రెసిస్టరు, ఎంత సేపు ఆగాలి అన్నవి మీరు చూసి నకలు చేశారు. సొంత పనిలో ఆ నిర్ణయాలు మీవి. అందుకని ఎనిమిది అడాప్టర్లను ఒకేసారి తలపెట్టకండి. ఒక అడాప్టరు, రెండు రెసిస్టర్లు, ఒక అనలాగ్ పిన్ను తీసుకోండి. కరెంటు ఇవ్వకముందే ఒక నోటుపుస్తకంలో ఆ పిన్ను దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో, ప్రోగ్రాము ఏ అంకె చూపాలో లెక్కకట్టి రాయండి. తర్వాత మల్టీమీటరుతో కొలిచి, ప్రోగ్రాము చూపిన అంకెను దాని పక్కన రాయండి. ఈ మూడింటిలో ఏ రెండింటికి పొంతన కుదరకపోయినా, కుదిరేదాకా ముందుకు వెళ్లకండి. లెక్క తప్పితే సిద్ధాంతం దగ్గర, మీటరు తప్పితే వైరింగు దగ్గర, ప్రోగ్రాము తప్పితే కోడు దగ్గర వెతకవలసి ఉంటుందని ఈ పద్ధతే మీకు చూపిస్తుంది.

ఈ చిన్న పనిలోనే ఎంత ఉందో చెబుతాను, ఎందుకంటే మొత్తం విద్యకు ఇదే పునాది. 12 వోల్టులను నేరుగా పిన్నుకు ఇవ్వకూడదు కాబట్టి పైన 39 కిలో ఓమ్‌లు, కింద 10 కిలో ఓమ్‌లు పెట్టి విభజించండి. వోల్టేజీ 4.9 రెట్లు తగ్గి, 12 వోల్టులకు పిన్ను దగ్గర సుమారు 2.45 వోల్టులు వస్తాయి. ఇవే విలువలు ఎందుకంటే, ఈ చిప్‌లో వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ భాగానికి వచ్చే సంకేతం వెనుక రెసిస్టెన్సు 10 కిలో ఓమ్‌లు దాటకూడదని డేటాషీటు సూచిస్తుంది. 39, 10 కలిసి సమాంతరంగా సుమారు 8 కిలో ఓమ్‌లు అవుతాయి. ఎక్కువ విలువలు పెడితే కరెంటు ఆదా అవుతుందనుకుని 390, 100 పెట్టినవారికి రీడింగు ఊగిసలాడుతుంది, వారు కారణాన్ని కోడులో వెతుకుతారు. అలాగని మరీ తక్కువ విలువలూ వద్దు. ఏ అడాప్టరైనా తన వోల్టేజీని అదుపులో ఉంచే ఫీడ్‌బ్యాక్ పోయి 12 కన్నా బాగా ఎక్కువ వోల్టులు ఇచ్చిన రోజున, పిన్నులోకి వెళ్లే కరెంటును ఆపి చిప్‌ను కాపాడేది ఆ 39 కిలో ఓమ్‌ల రెసిస్టరే.

ఇక అసలు చిక్కు రిఫరెన్సు దగ్గర ఉంది. ఈ చిప్ ఏడీసీ 10 బిట్లది, అంటే ఒక రిఫరెన్సు వోల్టేజీని 1,024 మెట్లుగా విభజించి, వచ్చిన వోల్టేజీ ఎన్నో మెట్టు మీద ఉందో చెబుతుంది. మనం ఏమీ చెప్పకపోతే ఆ రిఫరెన్సు బోర్డుకు అందే 5 వోల్టుల సరఫరానే. ఆ 5 వోల్టులు కంప్యూటరు యూఎస్‌బీ నుంచి వస్తున్నప్పుడు 4.75 ఉండవచ్చు, 5.25 ఉండవచ్చు, అంటే అటూ ఇటూ ఐదు శాతం తేడా. మీ అడాప్టరుకు అనుమతించిన తేడా కూడా అటూ ఇటూ ఐదు శాతమే అనుకుంటే, కొలిచే కర్ర పొడవు మారుతున్నంత కాలం పాసు, ఫెయిలు అన్న మాటలకు అర్థమే ఉండదు. అందుకే ఎల్‌ఎం4040 అనే రిఫరెన్సు భాగంలో 4.096 వోల్టుల రకాన్ని, సరఫరా నుంచి ఒక కిలో ఓమ్ రెసిస్టరు ద్వారా, బయటి రిఫరెన్సు కోసం ఉన్న ఏరెఫ్ పిన్నుకు కలపండి. కోడులో మొట్టమొదట రిఫరెన్సు బయటిదని ప్రకటించండి. ఆ ప్రకటన లేకుండా పిన్నును చదివే అనలాగ్ రీడ్ ఆజ్ఞను పిలిస్తే చిప్ లోపలి రిఫరెన్సూ బయటిదీ ఢీకొంటాయి, చిప్ దెబ్బతినే ప్రమాదం ఉంది. 4.096ను 1,024తో భాగిస్తే ఒక్కో మెట్టు సరిగ్గా 4 మిల్లీవోల్టులు, విభజన లెక్కలోకి తీసుకుంటే అడాప్టరు వైపు సుమారు 20 మిల్లీవోల్టులు అవుతుంది. మీ 12 వోల్టులకు 612 అన్న అంకె వస్తుంది. రెసిస్టర్లు ఒక శాతం రకమే అయినా నిష్పత్తిలో సుమారు 1.6 శాతం దాకా తేడా రావచ్చు కాబట్టి, ఒక్కో ఛానెలుకు మంచి మీటరుతో ఒకసారి సరిచూసి దిద్దుబాటు గుణకం రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు ప్రోగ్రాము. రీడింగు నిలకడగా ఉండాలని 64 రీడింగులు కూడి సగటు తీద్దామని మీకు తోస్తుంది, అది మంచి ఆలోచనే. కానీ ఈ చిప్ మీద ఇంట్ అనే చలరాశి 16 బిట్లది, 32,767 వరకే మోస్తుంది. 612ను 64 సార్లు కూడితే 39,168. మొత్తం ఒక్కసారిగా రుణ సంఖ్యగా మారిపోతుంది, అడాప్టరు రుణ వోల్టులు ఇస్తున్నట్టు తెర మీద కనిపిస్తుంది. అదే కోడును 50 రీడింగులతో పరీక్షిస్తే 30,600 దగ్గర ఆగి చక్కగా పనిచేస్తుంది, ఈఎస్‌పి32 మీద అయితే ఇంట్ 32 బిట్లది కాబట్టి 64తోనూ పనిచేస్తుంది. ఇలాంటి తప్పును కంపైలరు పట్టదు. చలరాశిని 32 బిట్ల లాంగ్‌గా ప్రకటించాలన్న నియమాన్ని పుస్తకంలో చదివినప్పుడు అది పట్టించుకోవలసిన విషయంగా అనిపించదు. మీ అడాప్టరు మీద కళ్లారా చూసిన రోజున అది మళ్లీ మరచిపోరు. సీ భాషను ముందు పూర్తిగా నేర్చుకుని తర్వాత చిప్ దగ్గరకు రావాలా అని సందేహపడేవారికి నేను వద్దని చెప్పేది ఇందుకే. చలరాశుల పరిమాణాలు, షరతులు, లూపులు, ఫంక్షన్లు, అరేలు, స్విచ్, బిట్లను విడిగా మార్చే పద్ధతి ఉంటే ఈ ప్రాజెక్టు మొత్తం నడుస్తుంది. పాయింటర్లు అవసరమైనప్పుడు అవే వస్తాయి.

ఒక అడాప్టరు వారం రోజులు నమ్మకంగా కొలవగలిగాక ఎనిమిదికి వెళ్లండి. ఊనోలో అనలాగ్ పిన్నులు ఆరే ఉంటాయి కాబట్టి సిడి4051 అనే ఎనిమిది దారుల మల్టీప్లెక్సరు పెట్టి, ఒక్కో దారిని ఎంచుకుంటూ ఒకే పిన్నుతో చదవవచ్చు. దారి మార్చిన వెంటనే వచ్చే మొదటి రీడింగులో పాత ఛానెలు ఛాయ మిగిలి ఉంటుంది, దాన్ని వదిలేయండి. ఇక్కడ మీరు జాగ్రత్తపడవలసింది గ్రౌండు విషయంలో. ఎనిమిది అడాప్టర్ల నెగిటివ్‌లనూ ఒకచోట కలపవలసి ఉంటుంది. రెండు పిన్నుల అడాప్టర్లలో మెయిన్స్ వైపు నుంచి అవుట్‌పుట్ వైపుకు వై కెపాసిటర్లు ఉంటాయి, వాటి గుండా కొద్దిపాటి లీకేజీ వస్తూనే ఉంటుంది. అడాప్టరు తీగను తాకినప్పుడు వేలికి తగిలే చిమచిమ అదే. ఎనిమిదింటిని కలిపితే ఆ లీకేజీలు కూడుకుంటాయి. కాబట్టి ఉమ్మడి నెగిటివ్‌ను మంచి ఎర్తింగుకు కలపండి. అడాప్టరును జిగ్‌లో (పరీక్షకు బిగించే అమరిక) పెట్టేటప్పుడు నెగిటివ్ ముందు తగిలి, పాజిటివ్ తర్వాత తగిలేలా కనెక్టరు అమర్చండి. ఇవి కోడులో ఎక్కడా కనబడని విషయాలు, అయినా మీ బోర్డు ఆరు నెలలు బతుకుతుందా ఆరు రోజులు బతుకుతుందా అన్నది వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

వేడి కొలవడానికి డిఎస్‌18బి20 సెన్సారు తీసుకోండి. ఒక్కోదానికి 64 బిట్ల సొంత చిరునామా ఉంటుంది కాబట్టి ఎనిమిదింటినీ ఒకే డేటా తీగకు కలిపి, ఆ తీగను సరఫరాకు కలిపే 4.7 కిలో ఓమ్‌ల పులప్ రెసిస్టరు ఒక్కటి పెడితే చాలు. దీనిలో ఒక ఉచ్చు ఉంది. సెన్సారుకు కరెంటు అందిన వెంటనే, ఇంకా ఏమీ కొలవకముందే చదివితే అది 85 డిగ్రీలు అని చెబుతుంది. తీగ వదులైపోయి సెన్సారు మధ్యమధ్య రీసెట్ అవుతున్నా అదే 85 వస్తుంది. అడాప్టరు నిజంగా కాలిపోతున్నదనుకుని పరుగెత్తే ముందు, సరిగ్గా 85 అన్న అంకెను అనుమానించండి.

పూర్తి 12 బిట్ల కొలతకు ఆ సెన్సారు 750 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. ఇక్కడే మీరు వీడియోల్లో నేర్చుకున్న డిలే అన్న ఆజ్ఞ మీకు అడ్డుపడుతుంది. ఒక్కో సెన్సారు దగ్గర అంతసేపు నిలబడితే ఎనిమిదింటికి ఆరు సెకన్లు, ఆ ఆరు సెకన్లూ మీరు బటను నొక్కినా బోర్డు వినదు. నా అభిప్రాయంలో, బోర్డుతో ఆడుకునేవారికీ బోర్డును పనిలో పెట్టేవారికీ మధ్య గీత ఈ డిలేను వదిలిపెట్టడం దగ్గరే ఉంది. ఎనిమిది సెన్సార్లకూ ఒకేసారి కొలవమని ఆజ్ఞ ఇచ్చి, ఆ సమయాన్ని గుర్తుపెట్టుకుని, ప్రోగ్రాము తన మిగతా పని చూసుకుంటూ, 750 మిల్లీసెకన్లు గడిచాయా అని ప్రతి చుట్టులో ఒకసారి చూసుకోవాలి. అందుకు మిల్లీస్ అన్న గడియారం ఉంది. ఇప్పటి సమయంలోంచి గుర్తుపెట్టుకున్న సమయాన్ని తీసివేసి, వచ్చిన తేడాను పోల్చండి, రెండింటినీ అన్‌సైన్డ్ లాంగ్‌గా ఉంచండి. ఆ గడియారం సుమారు 49.7 రోజులకు సున్నాకు తిరిగి వస్తుంది. తేడాను పోల్చే పద్ధతిలో రాసిన ప్రోగ్రాముకు ఆ రోజున ఏమీ కాదు. భవిష్యత్ సమయాన్ని కూడి పెట్టుకుని దానితో పోల్చే పద్ధతిలో రాసినది మాత్రం ఆ సమయానికి తికమక పడుతుంది. దీనితోపాటు ఒక్కో అడాప్టరుకూ ఒక స్థితి పెట్టండి: ఖాళీగా ఉంది, పరీక్షలో ఉంది, ముగిసింది, ఫెయిలైంది. ఏ స్థితి నుంచి ఏ స్థితికి ఏ కారణంతో వెళ్లవచ్చో కాగితం మీద బొమ్మ గీసుకుని, ఆ బొమ్మనే స్విచ్‌గా రాయండి. స్టేట్ మెషీన్ అని పిలిచే ఈ పద్ధతి చేతికి వస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదన్న మీ ఇబ్బంది చాలావరకు తీరుతుంది, ఎందుకంటే మొదటి గీత కోడులో కాక కాగితం మీద పడుతుంది.

రీడింగులను చిప్‌లోని ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) దాచుకోవాలని చూడకండి. అది ఒక కిలోబైటే, పైగా ఒక్కో చోటును లక్షసార్లు రాయడానికే హామీ. సెకనుకోసారి ఒకే చోట రాస్తే 28 గంటల్లో లక్ష పూర్తవుతుంది. దిద్దుబాటు గుణకాల వంటి ఎప్పుడో మారే విలువలకే దాన్ని వాడండి. రీడింగులను సీరియల్ ద్వారా కంప్యూటరుకు పంపి, అక్కడ చిన్న పైథాన్ ప్రోగ్రాముతో సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో వేరుచేసిన పట్టిక) రాయించండి. పైథాన్ నేర్చుకోమన్న మీ మిత్రుని సలహా ఇక్కడ అక్కరకు వస్తుంది, చిప్‌లో సీ, కంప్యూటరులో పైథాన్ అన్నది టెస్టింగ్ పనికి చక్కగా కుదిరే జత. సమయాన్ని కూడా కంప్యూటరుతోనే వేయించండి. ఊనోలో ఆ చిప్‌ను నడిపేది క్రిస్టలు కాదు, సిరామిక్ రెసొనేటరు. అర శాతం తేడా ఉన్నా ఎనిమిది గంటలకు రెండు నిమిషాలకు పైగా జారుతుంది. ఇంకొకటి, కంప్యూటరులో సీరియల్ పోర్టు తెరిచిన ప్రతిసారీ ఊనో రీసెట్ అవుతుంది. ఆరో గంటలో ఎవరో తెర చూద్దామని ప్రోగ్రాము తెరిస్తే మీ పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది. కోడు అంతా పూర్తయ్యాక రీసెట్ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెడితే ఇది ఆగుతుంది. కొత్త కోడు ఎక్కించేటప్పుడు దాన్ని తీసేయాలి.

డేటాషీటును చూసి బెదరకండి, దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే ఇంజినీర్లు ఉండరు. మీకు కావలసినవి పిన్నుల బొమ్మ, పోర్టుల అధ్యాయం, ఏడీసీ అధ్యాయం, చివర్లో ఉండే విద్యుత్ లక్షణాల పట్టికలు. ఆ పట్టికల్లో అంకెలే ఎక్కువ, వాటికి భాష అడ్డు రాదు. ఒక ఉదాహరణ చూడండి. ఒక పిన్ను నుంచి 40 మిల్లీ ఆంపియర్లు అన్నది దాటితే చెడిపోయే గరిష్ఠ హద్దు. పనిచేయించుకోవడానికి 20 లోపే ఉంచాలి. మామూలు 5 వోల్టుల చిన్న రిలే కాయిల్‌కు 70 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు కావాలి. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే రిలేకు ట్రాన్సిస్టరు ఎందుకు కావాలో ఎవరూ చెప్పనక్కరలేదు. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు ఎందుకు పెట్టాలో మీ స్టెబిలైజర్ బోర్డులే మీకు ఎప్పుడో నేర్పాయి.

బల్ల మీద చక్కగా నడిచిన బోర్డు వర్క్‌షాపులో పక్కన కాంటాక్టరు (యంత్రాలను ఆన్ చేసే పెద్ద రిలే) పడగానే రీసెట్ అవుతుంది. ఇది అందరికీ ఎదురయ్యే మెట్టు, కోడు మార్చితే పోయేది కాదు. బోర్డుకు విడి సరఫరా, ప్రతి చిప్ పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, సెన్సారు తీగలు మెయిన్స్ తీగలకు దూరంగా వెళ్లే దారి, కాంటాక్టరు కాయిల్ మీద నాయిస్‌ను అణిచే స్నబ్బరు ఉండాలి. వీటి తర్వాతే వాచ్‌డాగ్ టైమరు. వాచ్‌డాగ్ ఆగిపోయిన ప్రోగ్రామును తిరిగి లేపుతుంది గానీ ఆగిపోవడానికి కారణాన్ని తీసేయదు. సోల్డరు లేకుండా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డును వర్క్‌షాపులోకి తీసుకువెళ్లకండి. రంధ్రాలున్న జీరో బోర్డు మీద సోల్డరు చేసి, స్క్రూ టెర్మినళ్లు పెట్టి, డబ్బాలో బిగించి, లోడు రెసిస్టర్ల వేడికి దూరంగా అమర్చండి. డబ్బా మూత లోపల సర్క్యూట్ బొమ్మ, పిన్నుల పట్టిక, కోడు తేదీ అతికించండి. మీరు సెలవులో ఉన్న రోజున అది ఆగితే తోటి టెక్నీషియన్ దాన్ని తెరిచి చూడగలగాలి.

పై అధికారి అనుమతి ముందే తీసుకోండి. అడిగేటప్పుడు రిజిస్టరు మానేస్తామని చెప్పకండి. కొంతకాలం రిజిస్టరూ యంత్రమూ రెండూ నడుస్తాయని, రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తానని చెప్పండి. మీ సంస్థకు ఐఎస్‌ఓ 9001 ఉంటే, పాసు, ఫెయిలు తేల్చే కొలత పరికరాలు నియమిత కాలానికి క్యాలిబ్రేషన్ (ప్రామాణిక పరికరంతో సరిచూడడం) అయి ఉండాలి. మీ జిగ్ కూడా ఆ జాబితాలోకి వస్తుంది. సంస్థలో క్యాలిబ్రేషన్ అయిన మీటరుతో దాన్ని పోల్చి, తేదీతో కాగితం మీద ఉంచితే ఆడిటరు ముందు మీ పనికి విలువ ఉంటుంది.

స్టెబిలైజర్ పరీక్షను ఎందుకు ఆపమన్నానో ఇప్పుడు చెబుతాను. డిమ్మర్‌స్టాట్ ఆటోట్రాన్స్‌ఫార్మరు, అది మెయిన్స్ నుంచి మిమ్మల్ని వేరు చేయదు. 230 వోల్టుల ఏసీ శిఖరం దగ్గర 325 వోల్టులు ఉంటుంది. కొన్ని స్టెబిలైజర్ బోర్డుల్లో కంట్రోలు భాగం కూడా మెయిన్స్‌కు నేరుగా కలిసే ఉంటుంది. అక్కడ ఆర్డుయినో గ్రౌండు కలిపితే ఆ మెయిన్స్ యూఎస్‌బీ తీగ గుండా మీ కంప్యూటరు దాకా, మీ చేతి దాకా వస్తుంది. ఏజింగ్ జిగ్ కొన్ని నెలలు నిలకడగా నడిచాక ఈ పనికి రండి. అప్పుడు కూడా డిమ్మర్‌స్టాట్‌ను తిప్పేది మీరే కావాలి. వోల్టేజీని మీరు సొంతంగా కొలవకండి, బజారులో దొరికే, మోడ్‌బస్ పద్ధతిలో అంకెలు పంపే మీటరును ఆర్‌ఎస్-485 తీగల ద్వారా చదవండి. ఆ మీటరు లోపల మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ఉందని దాని కాగితాల్లో చూసి కొనండి. బోర్డు మీద రిలే ఎప్పుడు పడిందో తెలుసుకోవడానికి కాయిల్‌కు అడ్డంగా పిసి817 వంటి, వెలుతురుతో సంకేతం పంపే ఆప్టోకప్లరును, తగిన సిరీస్ రెసిస్టరుతో పెట్టండి. మెయిన్స్‌కూ చిప్‌కూ మధ్య వెలుతురు తప్ప తీగ ఉండకూడదు. ఎమర్జెన్సీ స్టాప్‌ను, గార్డు స్విచ్చును మాత్రం ఎన్నడూ మీ ప్రోగ్రాము గుండా పంపకండి, అవి నేరుగా సరఫరాను తెంచేలానే ఉండాలి. యంత్రాన్ని నడిపించే పని ఎప్పుడైనా మీకు అప్పగిస్తే, అందుకోసం తయారైన పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంట్రోలరు) కొనమని సంస్థకు ధైర్యంగా చెప్పండి.

కోర్సులో ఇప్పుడు చేరవద్దని నా సలహా. మీకు కొరతగా ఉన్నది పాఠం కాదు, ఒక పనిని చివరిదాకా తీసుకువెళ్లిన అనుభవం. అది తరగతి గదిలో దొరకడం కష్టం. పాఠం కావాలంటే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఎంబెడెడ్ సిస్టమ్స్ మీద ఐఐటీల ఉపన్యాసాలు ఉచితంగా ఉన్నాయి. ఇంట్లో బోర్డు చేతిలో లేని వేళ వోక్వి వంటి సిమ్యులేటరులో కోడు నడిపి చూసుకోవచ్చు, అయితే అక్కడ నాయిస్ ఉండదని గుర్తుంచుకోండి. ఆ 45,000లో చిన్న భాగంతో కోఠి గుజరాతీ గల్లీకి ఒక ఆదివారం కాని రోజున వెళ్లి, రిఫరెన్సు భాగాలు, ఒక శాతం రెసిస్టర్లు, సెన్సార్లు, మల్టీప్లెక్సర్లు, జీరో బోర్డులు రెండేసి చొప్పున తెచ్చుకోండి. ఎనిమిది ఛానెళ్ల చిన్న లాజిక్ ఎనలైజరు ఒకటి తప్పక కొనండి. సెన్సారు మాట్లాడడం లేదా, మీ ప్రోగ్రాము అడగడం లేదా అన్న ప్రశ్నకు అది ఒక్క నిమిషంలో జవాబు చెబుతుంది. రోజుకు ఒక గంట కేటాయించగలిగితే మూడు నాలుగు నెలల్లో ఎనిమిది అడాప్టర్ల జిగ్ నిలబడుతుందని నా అంచనా. అప్పటికీ కోర్సు కావాలనిపిస్తే, అందులో ఎస్‌టిఎం32 మీద డీబగ్గరుతో పని నేర్పుతారా, సొంత సర్క్యూట్ బోర్డు డిజైను చేయిస్తారా అని అడగండి. ఆ రెండూ లేకపోతే మీరు అప్పటికే చేసినదాన్ని మళ్లీ డబ్బిచ్చి చేయవలసి వస్తుంది.